అన్నకు ఎండీఎస్, మూలకణాల మార్పిడి అంటున్నరు: దాత వయసు, మిథైలేషన్ సంగతి తెలిసినోళ్లు చెప్పండి

శ్రావణి_నల్గొండ:
అందరికీ నమస్తే. మా పెద్దన్నకు 57 ఏండ్లు. పోయిన ఎండాకాలం నుంచి నీరసం, ఒంటి మీద కమిలిన మచ్చలు, హిమోగ్లోబిన్ 6కు పడిపోయింది, మజ్జ పరీక్ష చేసి ఎండీఎస్ అన్నరు, అంటే మజ్జల రక్తకణాలు సరిగ తయారుగాని ఒక రకం రక్త క్యాన్సర్ అంట, బ్లాస్టులు (ఎదగని కణాలు) ఎక్కువున్న రకం. హైదరాబాద్‌ల చూపిస్తున్నం. జీన్ రిపోర్టుల డీఎన్ఎంటీ3ఏ, ఏఎస్ఎక్స్ఎల్1 అని రెండు పేర్లు వచ్చినయి. ఇప్పుడు అజాసిటిడిన్ ఇంజక్షన్లు నడుస్తున్నయి, తర్వాత మార్పిడి చేయాలె అంటున్నరు. నాకు 51, నాది అన్నకు ఫుల్ మ్యాచ్ వచ్చింది. అన్న కొడుకుకు 23, వాడిది సగం మ్యాచ్. డాక్టరమ్మ మంచిగనే మాట్లాడ్తది గానీ ఓపీల ఉన్న జనానికి ఆమెకు ఊపిరాడదు, ఇది ఎపిజెనెటిక్ మందు, జన్యువుల మీద గుర్తులను మారుస్తది అని ఒక్క ముక్క చెప్పి పోయింది. అప్పటిసంది నా తలకాయల అదే తిరుగుతుంది. గుర్తులంటే ఏంది? నా కణాలు అన్న ఒంట్లకు పోతే నా వయసు గూడ పోతదా? మార్పిడి అయినంక గూడ కొందరికి తిరగబెడ్తది అంటున్నరు, కొత్త రక్తం వచ్చినంక పాత జబ్బు ఎట్ల వస్తది? నెట్ల అంతా ఇంగ్లీషుల ఉంది, చదివితే భయమే తప్ప సమజ్ కాలే.

జువాలజీ_మాస్టారు:
అమ్మా శ్రావణీ, మందుల సంగతి డాక్టర్లు చెప్తారు, గుర్తులంటే ఏమిటో నేను చెప్తాను, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పిన వాడిని. మన ఒంట్లో కంటి కణంలో ఉన్న డీఎన్ఏ, కాలేయ కణంలో ఉన్న డీఎన్ఏ ఒకటే, అక్షరం తేడా లేదు అనుకోవచ్చు. ఉగాదికి ఊళ్లో అన్ని ఇళ్లకీ ఒకే పంచాంగం వస్తుంది కదా, పురోహితుడి ఇంట్లో ముహూర్తాల పేజీలు మడిచి ఉంటాయి, రైతు ఇంట్లో కార్తెల పేజీ దగ్గర పుల్ల పెట్టి ఉంటుంది, మిగతా పేజీలు తెరవరు. పుస్తకం ఒకటే, తెరిచే పేజీలు వేరు. కణంలో ఆ మడతలూ పుల్లలే ఎపిజెనెటిక్ గుర్తులు. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే సాధారణంగా ఆ జన్యువు మూతపడుతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద ఎసిటైల్ ముక్క తగిలిస్తే చుట్ట వదులై జన్యువు తెరుచుకుంటుంది. అక్షరాలు మారవు, చదవడం మారుతుంది. కణం రెండుగా చీలినప్పుడు ఈ గుర్తులు కూడా చాలావరకు పిల్ల కణాలకి వెళ్తాయి.

ఎపిజెనెటిక్స్ అనే పేరు పెట్టింది 1942లో వాడింగ్టన్ అనే ఆయన. అప్పటికి డీఎన్ఏ నిర్మాణమే తెలియదు! రక్త మూలకణం ఉందని ప్రయోగంతో చూపించింది 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు. ఆ ఒక్క రకం కణం నుంచే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పుడతాయి, ఎర్ర కణాలే రోజుకి సుమారు 20 వేల కోట్లు తయారవుతాయి. ఏ కణం ఏ దారి పట్టాలన్నది ఈ గుర్తుల మీద ఆధారపడుతుంది. మీ అన్నయ్య రిపోర్టులో వచ్చిన రెండు పేర్లూ ఈ గుర్తులు పెట్టే పనివాళ్లవేనమ్మా. డీఎన్ఎంటీ3ఏ మిథైల్ తగిలించే ఎంజైమ్, ఏఎస్ఎక్స్ఎల్1 హిస్టోన్ల వైపు పని. ఆ పనివాళ్లు చెడితే మూలకణం తనని తాను కాపీ చేసుకుంటూ పోతుంది గానీ పరిపక్వమైన రక్తకణంగా మారడం తగ్గుతుంది. అందుకే మజ్జ నిండా కణాలు ఉన్నా రక్తంలో కౌంట్లు తక్కువ.

హెమటాలజీ_రెసిడెంట్:
మాస్టారు చాలా చక్కగా చెప్పారు, నేను అజాసిటిడిన్ గురించి చెప్తా అక్కా. ఇది కొత్త మందు కాదు, 1964లో ప్రాగ్‌లో తయారు చేశారు, అప్పట్లో మామూలు కీమోలాగ పెద్ద డోసుల్లో వాడేవాళ్లు. 1980లో జోన్స్, టేలర్ అనేవాళ్లు ల్యాబ్‌లో ఎలుక కణాలకి ఈ మందు ఇస్తే అవి కండర కణాలుగా మారాయి, మిథైలేషన్ తగ్గడం వల్లేనని తేలింది. అప్పటినుంచి ఆలోచనే మారిపోయింది. ఎండీఎస్‌కి అమెరికాలో అనుమతి 2004లో వచ్చింది.

పని చేసే విధానం ఏంటంటే, ఇది చూడ్డానికి సైటోసిన్ అక్షరంలాగే ఉంటుంది కాబట్టి కణం దీన్నే తీసుకుని కొత్త డీఎన్ఏలో కుట్టేస్తుంది. తర్వాత మిథైల్ పెట్టడానికి వచ్చిన ఎంజైమ్ దీనికి అతుక్కుపోయి విడిపించుకోలేక నాశనం అవుతుంది. ఎంజైమ్ తగ్గేకొద్దీ, కణం చీలిన ప్రతిసారీ కొత్త కాపీల మీద గుర్తులు తగ్గుతూ పోతాయి. అంటే కణాలు చీలాలి, టైమ్ పట్టాలి, అందుకే ఒకటి రెండు సైకిళ్లకే పని చేయట్లేదు అనుకోకూడదు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు సైకిళ్లు చూస్తారు. మొదటి సైకిళ్లలో కౌంట్లు ఇంకా పడతాయి, రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి రావచ్చు, జ్వరం వస్తే మాత్రం ఆ రాత్రికి ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లిపోండి. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ మందు ఒక్కటే ఎండీఎస్‌ని పూర్తిగా నయం చేయదు, మార్పిడి వరకు బ్లాస్టులు తగ్గించి తీసుకెళ్లే వంతెన. కాబట్టి కౌంట్లు బాగున్నాయి కదా అని మార్పిడి వాయిదా వేయొద్దు.

శ్రావణి_నల్గొండ:
తమ్ముడూ, మాస్టారూ, మీ ఇద్దరికీ దండాలు. ఇప్పుడు అర్థమైతుంది. ఇంజక్షన్ నెలకు ఏడు దినాలు పొట్ట మీద చర్మం కిందికి ఇస్తున్నరు. నేను పక్కనే కూసుండి చూస్త, సీసాల పొడికి నీళ్లు కలిపితే పాలలెక్క మబ్బుగ అయితది, సిస్టరమ్మ సిరంజిని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగ దొర్లిస్తది, లేకుంటే మందు అడుగుకు పేరుకుంటదట. పొడిచిన కాడ ఎర్రగ అయ్యి దద్దులు లేస్తున్నయి, ఇయ్యాల కుడిదిక్కు ఇస్తే రేపు ఎడమదిక్కు ఇస్తున్నరు. వాంతుల గోలి ముందుగనే ఇస్తున్నరు, దాంతోని మలబద్ధకం అయితుంది పాపం. మరి నా వయసు సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

స్వప్న_సెయింట్‌లూయిస్:
హాయ్ శ్రావణి గారూ, నేను ఇక్కడ ఒక ల్యాబ్‌లో రక్త మూలకణాల మీదే పని చేస్తాను, డాక్టర్‌ని కాదు. మీ ప్రశ్నకి సూటిగా జవాబు: అవును, మీ కణాల వయసు మీ అన్నయ్య దగ్గరికి వెళ్తుంది. వయసు పెరిగేకొద్దీ డీఎన్ఏలో కొన్ని చోట్ల మిథైలేషన్ ఒక పద్ధతిలో మారుతుంది, దాన్ని బట్టి వయసు అంచనా వేసే గడియారాన్ని 2013లో హోర్వాత్ 353 చోట్లతో తయారు చేశారు. మార్పిడి అయిన పేషెంట్ల రక్తం ఇలాంటి గడియారాలతో చూస్తే దాత వయసే చూపిస్తుంది, పేషెంట్ వయసు కాదు. జర్మనీ గ్రూపులు 2015లో, 2017లో దీన్ని చూపించాయి. పెద్దాయన మజ్జలోకి వెళ్లినంత మాత్రాన కుర్ర కణాలు ముసలివి అయిపోవు, కుర్రాడి మజ్జలోకి వెళ్లినంత మాత్రాన పెద్ద కణాలు కుర్రవి అయిపోవు. నాకు ఈ ఫలితం ఇప్పటికీ ఆశ్చర్యమే, చుట్టూ ఉన్న మజ్జ అంత మారినా కణం తన లెక్క తను పెట్టుకుంటూనే ఉంటుంది.

ఇంకొకటి, 2024లో నేచర్‌లో ఇంగ్లాండ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జ్యూరిచ్ వాళ్లు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య మార్పిడి జరిగిన పది జతల్ని, మార్పిడి అయిన 9 నుంచి 31 ఏళ్ల తర్వాత పిలిచి ఇద్దరి రక్తమూ చూశారు. 20లలో 30లలో ఉన్న దాతల నుంచి అయితే దాదాపు 30 వేల మూలకణాలు దీర్ఘకాలం నిలిచాయి, పెద్ద వయసు దాతల నుంచి అయితే వెయ్యి నుంచి మూడు వేలు మాత్రమే. మార్పిడి వల్ల రక్తంలో వైవిధ్యం తగ్గడం 10 నుంచి 15 ఏళ్ల వయసు అదనంగా పెరిగినట్టు ఉంది. కానీ ఆ వెయ్యి మూడు వేల కణాలతోనే ఆ మనుషులు దశాబ్దాలు బతికారు, పరీక్షకి వచ్చారు కదా, అది కూడా చూడండి.

రాజేష్_ఖమ్మం:
అంటే అక్క కణాలు పనికిరానట్టేనా? కొడుకునే పెట్టుకోవడం మంచిదా? సూటిగ చెప్పండి, ఇట్ల డొంకతిరుగుడుగ చెప్తే వాళ్లు ఎటు పోవాలె.

హెమటాలజీ_రెసిడెంట్:
రాజేష్ అన్నా, పనికిరావు అని ఎవరూ అనలేదు. 51 ఏళ్ల ఫుల్ మ్యాచ్ చెల్లెలా, 23 ఏళ్ల సగం మ్యాచ్ కొడుకా అన్నది మా కాన్ఫరెన్సుల్లో కూడా గంటలు గంటలు వాదించుకునే ప్రశ్న. ఒకప్పుడు సగం మ్యాచ్ అంటే దగ్గరికి కూడా వెళ్లేవాళ్లు కాదు. జాన్స్ హాప్కిన్స్ వాళ్లు మార్పిడి తర్వాత మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చే పద్ధతి తెచ్చాక పరిస్థితి మారింది, ఇప్పుడు మన దగ్గర కూడా చాలా సెంటర్లలో చేస్తున్నారు. వయసు ఒక్కటే కాదు, దాత ఆరోగ్యం, బరువు, సీఎంవీ వైరస్ రిపోర్టు, సగం మ్యాచ్ అయితే పేషెంట్ రక్తంలో ఆ దాత హెచ్ఎల్ఏ (కణం పైన ఉండే, మ్యాచ్ చూసే అణువులు) మీద యాంటీబాడీలు ఉన్నాయా లేదా, ఇవన్నీ చూస్తారు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లలో ఆ యాంటీబాడీలు ఉండే ఛాన్స్ ఎక్కువ, ఉంటే ఎక్కించిన కణాలు నిలదొక్కుకోకపోవచ్చు.

శ్రావణి అక్క అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. మీ ఇంట్లో ఇంకెవరికైనా రక్తం జబ్బులు ఉన్నాయా? డీడీఎక్స్41 లాంటి కొన్ని జన్యు లోపాలు పుట్టుకతో వస్తాయి, పెద్ద వయసులో ఎండీఎస్‌గా బయటపడతాయి. అలాంటిది ఉంటే అన్నకి ఉన్నదే చెల్లెలికీ కొడుక్కీ ఉండొచ్చు, దాతకి పరీక్ష చేయకుండా అదే లోపం ఉన్న కణాలు ఎక్కిస్తే మళ్లీ అదే కథ. మీ అన్న రిపోర్టులో ఆ పేరు లేదు, అయినా ప్యానెల్‌లో ఆ జన్యువు చూశారా అని అడగండి, అన్ని ప్యానెళ్లలో ఉండదు.

స్వప్న_సెయింట్‌లూయిస్:
డాక్టర్ గారి మాటకి కొనసాగింపు. 2014లో వచ్చిన పెద్ద స్టడీలతో తెలిసింది ఏంటంటే, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో కూడా వయసు మీద పడ్డాక రక్తంలో డీఎన్ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 మార్పులున్న కణాల గుంపులు పెరుగుతాయి, 70 దాటినవాళ్లలో పది మందిలో ఒకరికన్నా ఎక్కువ మందిలో కనిపించింది. దీన్ని చిప్ అంటారు. మూడూ ఎపిజెనెటిక్ పనివాళ్లే, అది యాదృచ్ఛికం కాదు, గుర్తులు పెట్టే పద్ధతి చెడిన మూలకణానికి మిగతావాటికన్నా ఎక్కువ కాలం మూలకణంగానే ఉండిపోయే లాభం దొరుకుతుంది.

మరి దాతకే చిప్ ఉంటే? ఇక్కడే అందరూ అనుకున్నదానికి తిరగబడిన ఫలితం వచ్చింది. 2022లో గిబ్సన్, వాళ్ల సహచరులు 40 దాటిన 1,727 మంది దాతల్ని చూశారు, ఐదుగురిలో ఒకరికి పైగా చిప్ ఉంది. డీఎన్ఎంటీ3ఏ రకం చిప్ ఉన్న దాతల నుంచి కణాలు పొందినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువ, బతికినవాళ్లు ఎక్కువ! ఆ మార్పు ఉన్న టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల కణాలు) క్యాన్సర్ మీద గట్టిగా పోరాడతాయేమో అన్నది ఒక వివరణ. కానీ మార్పిడి తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ వాడినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. కాబట్టి వయసున్న దాత అనగానే చెడ్డది అని కొట్టిపారేయలేం. అలాగని చిప్ ఉన్న దాతని వెతుక్కుని తెచ్చుకోవడమూ సరికాదు, అరుదుగా దాత కణాల నుంచే కొత్త జబ్బు పుట్టిన కేసులు ఉన్నాయి.

తలసీమియా_నాన్న:
నేను రాజమండ్రి అండి. మా బాబుకి తలసీమియా మేజర్, పెద్దమ్మాయి మజ్జ మ్యాచ్ అయ్యి మార్పిడి చేయించాం, ఇప్పుడు దేవుడి దయ వల్ల స్కూలుకి వెళ్తున్నాడు. మార్పిడి ముందు మూడు వారాలకోసారి రక్తం, పొట్ట మీద ఐరన్ తగ్గించే పంపు, ఆ బాధ శత్రువుకి కూడా వద్దు. మా డాక్టర్ గారు ఒకసారి అన్నారు, పుట్టకముందు బిడ్డలో ఉండే హిమోగ్లోబిన్ జన్యువు ఇప్పటికీ వీడిలో బాగానే ఉంది, మూత పడిందంతే అని. మరి మూత తీసే మందు ఇస్తే సరిపోదా అండి, ఈ మార్పిడిలూ, ఐసోలేషన్ గదులూ, నోటి నిండా పుండ్లూ ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బుల విషయం కూడా రాస్తున్నా, ఎవరికైనా ఉపయోగపడుతుంది: కోల్ ఇండియా వాళ్ల తలసీమియా బాల సేవా యోజన కింద పది లక్షల దాకా సాయం ఉంటుంది, 2017 నుంచి ఉంది, లిస్టులో ఉన్న హాస్పిటల్స్‌లోనే చేయించాలి.

స్వప్న_సెయింట్‌లూయిస్:
బాబు బాగున్నందుకు చాలా సంతోషం అండి. మీ డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, అసలు ఎపిజెనెటిక్స్ రక్త జబ్బుల్లోకి వచ్చిందే తలసీమియా దారిలో. 1982లోనే అమెరికాలో ఒక బీటా తలసీమియా పేషెంట్‌కి అజాసిటిడిన్ ఇచ్చారు, ఇప్పుడు శ్రావణి గారి అన్నయ్యకి ఇస్తున్న అదే మందు! పిండదశ హిమోగ్లోబిన్‌కి కావాల్సిన గామా గ్లోబిన్ జన్యువు మీద మిథైలేషన్ తగ్గి పిండదశ హిమోగ్లోబిన్ పెరిగింది. కానీ ఆ మందు మిగతా జన్యువుల్ని కూడా కదిలిస్తుంది, చిన్న పిల్లలకి జీవితాంతం ఇచ్చే మందు కాదు అది.

తర్వాత బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ దొరికింది. అది హిస్టోన్ల మీద ఎసిటైల్ తీసేసే బృందాన్ని వెంటేసుకొచ్చి గామా గ్లోబిన్‌ని మూసి ఉంచుతుంది. ఎర్ర కణాల్లో మాత్రమే బీసీఎల్11ఏని తగ్గించేలా క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించిన మందు క్యాస్‌జెవి, దానికి 2023 నవంబర్‌లో బ్రిటన్‌లో, తలసీమియాకి 2024 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే అది కూడా మూలకణాల మార్పిడే అండి, వేరే మనిషి కణాల బదులు పేషెంట్ సొంత కణాలే తీసి, కత్తిరించి, బుసల్ఫాన్ కీమో ఇచ్చి తిరిగి ఎక్కిస్తారు. నోటి పుండ్లూ ఐసోలేషన్ గదీ తప్పవు, దాత కణాలు పేషెంట్ ఒంటి మీదకి తిరగబడే జీవీహెచ్‌డీ మాత్రం ఉండదు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా పిల్లలు తలసీమియాతో పుడుతున్నారు, ఆ ధరకి ఎవరికి అందుతుంది చెప్పండి. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే. అందుకే పెళ్లికి ముందో గర్భం వచ్చిన మొదట్లోనో తలసీమియా జన్యువు మోస్తున్నారా లేదా తెలిపే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోమని ప్రతి ఒక్కరికీ చెప్తూ ఉంటాను.

ఆరోగ్యమే_భాగ్యం:
అందరికీ నమస్కారం. నేను చదివినదాని ప్రకారం విటమిన్ సి ఎక్కువ డోసులో వాడితే టెట్2 పని పెరిగి లుకేమియా కణాలు తగ్గుతాయి, పసుపు క్యాప్సూల్స్ కూడా జన్యువుల స్విచ్‌లు మారుస్తాయి. ఎపిజెనెటిక్స్ అంటేనే ఆహారంతో జన్యువుల్ని మార్చుకోవచ్చు అని కదా. శ్రావణి గారు అన్నయ్యకి మొదలుపెట్టి చూడొచ్చు, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

హెమటాలజీ_రెసిడెంట్:
వద్దు. దయచేసి ఎవరూ మొదలుపెట్టొద్దు. మీరు మంచి మనసుతోనే చెప్పారు గానీ ఇది ప్రాణం మీదకి తెచ్చే సలహా అండి. విటమిన్ సి, టెట్2 స్టడీలు నిజమే, 2017లో రెండు మంచి జర్నళ్లలో వచ్చాయి, కానీ అవి ఎక్కువగా ఎలుకల్లో, ల్యాబ్ కణాల్లో చేసినవి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి పెద్ద డోసు విటమిన్ సి ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి, మన దగ్గర ఆ లోపం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టడానికి వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ లెవెల్స్ చాలా సన్నని హద్దులో ఉండాలి, ఎక్కువైతే కిడ్నీ దెబ్బ, తక్కువైతే జీవీహెచ్‌డీ. పంపరపనస కాయ తిన్నా ఆ లెవెల్ పెరిగిపోతుంది. దసరా దీపావళి సీజన్‌లో ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమగా ఒలిచి పెడతారు, పేషెంట్ కాదనలేడు. కూరలో వేసే పసుపు వేరు, క్యాప్సూల్స్ వేరు. ఏ పొడి అయినా, ఏ కషాయం అయినా ముందు మీ టీమ్‌కి చూపించండి.

జువాలజీ_మాస్టారు:
బాగా చెప్పావు నాయనా. ఆహారంతో కొంత మార్పు ఉంటుందనేది ఒక సాధారణ సంగతి, ఒక మనిషి మజ్జలో చెడిన ఒక కణాల గుంపుని దాంతో సరిచేయగలం అనేది పూర్తిగా వేరే సంగతి.

ఫ్లోల్యాబ్_కిరణ్:
శ్రావణక్కా, కొత్త రక్తం వచ్చినాక పాత జబ్బు ఎట్లా వస్తుంది అని అడిగినారు కదా, దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను కర్నూలు వాణ్ణి, బెంగళూరులో ఫ్లో సైటోమెట్రీ (కణాల పైన ఏ అణువులున్నాయో మెషిన్‌తో చూసే పరీక్ష) ల్యాబ్‌లో పని చేస్తా. మార్పిడిలో నయం చేసేది కీమో ఒక్కటే కాదక్కా, దాత టీ కణాలు పేషెంట్‌లో మిగిలిన క్యాన్సర్ కణాల్ని పట్టుకుని చంపడం కూడా, అసలు బలం అదే. టీ కణం ఎట్లా గుర్తుపడుతుంది? కణం పైన ఉండే హెచ్ఎల్ఏ అణువుల్ని చూసి. మిగిలిపోయిన ఒకటి రెండు లుకేమియా కణాలు ఆ హెచ్ఎల్ఏనే కనపడకుండా చేసుకుంటే టీ కణాలకి అవి ఉన్నట్టే తెలీదు, దాక్కుని పెరుగుతాయి.

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, సగం మ్యాచ్ మార్పిడి అయినవాళ్లలో, మ్యాచ్ కాని ఆ సగం హెచ్ఎల్ఏ జన్యువులే లుకేమియా కణం పోగొట్టుకుంటుంది, 2009లో ఇటలీ గ్రూపు బయటపెట్టింది. అది అక్షరాల మార్పు, తిరిగి రాదు. రెండోది, జన్యువు అక్కడే ఉంటుంది కానీ క్లాస్ 2 హెచ్ఎల్ఏ మూతపడిపోతుంది, మాస్టారు చెప్పిన మడతే. 2018లో అమెరికా వాళ్లు, 2019లో ఇటలీ వాళ్లు చూపించినారు. మొదటి రిపోర్టులో పాజిటివ్‌గా ఉన్న హెచ్ఎల్ఏ-డీఆర్ (క్లాస్ 2 రకమే) తిరగబెట్టినాక కనపడకపోవడం మా స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది, చుక్కల గుంపు మొత్తం గ్రాఫ్‌లో కుడి నుంచి ఎడమకి జరిగిపోయి ఉంటుంది. చూసినప్పుడల్లా మనసు పాడైపోతుంది, ఎందుకంటే ఆ సీసా మీద ఉన్న పేరు మాకు అప్పటికి పరిచయం అయి ఉంటుంది.

కానీ ఈ రెండో రకంలో ఆశ ఉందక్కా. మూత కాబట్టి తెరవచ్చు. ఆ కణాలకి ల్యాబ్‌లో ఇంటర్‌ఫెరాన్ గామా ఇస్తే హెచ్ఎల్ఏ మళ్లీ పైకి వచ్చింది. మూత పెడుతున్నది పీఆర్సీ2 అనే బృందం అని 2022లో తేలింది, దాంట్లోని ఈజీహెచ్2ని ఆపే మందులు పెడితే ల్యాబ్‌లో మళ్లీ టీ కణాలు గుర్తుపట్టినాయి. అందుకే తిరగబెట్టినప్పుడు ఇది ఏ రకం అని తెలుసుకోవడం అవసరం. జన్యువే పోతే అదే దాత లింఫోసైట్లు మళ్లీ ఎక్కించినా ఉపయోగం ఉండదు, వేరే దాత కావాలి. మూతే అయితే దారి వేరు.

రాజేష్_ఖమ్మం:
కిరణ్ అన్నా ఇంత సమజ్ అయ్యేటట్టు ఎవరు చెప్పలే. మరి జీవీహెచ్‌డీ అంటున్నరు కదా, దానికి గూడ ఈ గుర్తులతోని సంబంధం ఉందా?

స్వప్న_సెయింట్‌లూయిస్:
ఉంది రాజేష్ గారూ. టీ కణాలు క్యాన్సర్ మీదకి వెళ్లకుండా పేషెంట్ చర్మం, పేగులు, కాలేయం మీదకి వెళ్తే అదే జీవీహెచ్‌డీ. ఆ కోపాన్ని చల్లార్చే నియంత్రణ టీ కణాలు ఉంటాయి, అవి నిలకడగా ఉండాలంటే వాటిలో ఫాక్స్‌పీ3 అనే జన్యువు మీద మిథైలేషన్ తీసేసి ఉండాలి. మిషిగన్ యూనివర్సిటీలో పవన్ రెడ్డి గారి బృందం ఏళ్ల తరబడి హిస్టోన్ ఎసిటైల్ తీసేసే ఎంజైముల్ని ఆపే మందుల మీద పని చేసింది. వాటిలో ఒకటైన, లింఫోమా అనే క్యాన్సర్‌కి వాడే వోరినోస్టాట్‌ని మామూలు మందులకి తోడుగా ఇచ్చి చూస్తే, 100 రోజుల్లోపు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన జీవీహెచ్‌డీ 22 శాతం మందిలో వచ్చింది, అంతకుముందు అలాంటి పేషెంట్లలో 42 శాతం ఉండేది. 2014లో వచ్చిన ఫలితం, 50 మంది చిన్న ట్రయల్, పాత పేషెంట్లతో పోల్చింది, కాబట్టి దాన్ని అంతవరకే చూడాలి. ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చుతుంది, రోగనిరోధక శక్తిని మొత్తం చావగొట్టకుండా తెరిచిన పేజీల్ని మార్చే దారి.

మాధవి_గుంటూరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మా చెల్లికి ఎనిమిదో నెల, బొడ్డుతాడు రక్తం దాచుకోండి అని ఏజెంట్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఇది కూడా మూలకణాలే కదా, దాచాలా వద్దా?

హెమటాలజీ_రెసిడెంట్:
మాధవి గారూ, ఇంట్లో ఇప్పటికే మార్పిడి అవసరమయ్యే జబ్బున్న బిడ్డ ఉంటే దాచడంలో అర్థం ఉంది, హాస్పిటల్‌తో మాట్లాడండి. లేకపోతే డబ్బు పెట్టి ప్రైవేటుగా దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ కూడా సిఫార్సు చేయదు. బొడ్డుతాడు రక్తం మంచిదే, 1988లో పారిస్‌లో ఫాంకోనీ అనీమియా (పుట్టుకతో వచ్చే, మజ్జ దెబ్బతినే జబ్బు) ఉన్న బాబుకి గ్లుక్‌మాన్ మొదటిసారి ఎక్కించారు, కానీ ఒక యూనిట్‌లో కణాలు తక్కువ, పెద్దవాళ్లకి చాలవు. బయట పెంచుదామంటే ల్యాబ్‌లో చీలేకొద్దీ ఆ గుర్తులు మారిపోయి మూలకణం మూలకణంగా ఉండటం మానేస్తుంది. ఇప్పుడు దాన్నే ఆపుతున్నారు: మాంట్రియల్ వాళ్ల యూఎం171 అనే పదార్థం కోరెస్ట్ అనే ఎపిజెనెటిక్ బృందాన్ని కణంలో తగ్గించి మూలకణ స్వభావం నిలబెడుతుంది. నికోటినమైడ్‌తో పెంచిన కణాల మందుకి 2023 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవన్నీ పబ్లిక్ బ్యాంకుల్లో ఇచ్చిన యూనిట్లతో జరిగే పని, ఏజెంట్ చెప్పే బీమాతో సంబంధం లేదు.

శ్రావణి_నల్గొండ:
డాక్టరమ్మతోని కూసొని మాట్లాడినం. మీరు చెప్పినయన్నీ కాగితం మీద రాసుకొని పోయిన, ఆమె ఆశ్చర్యపడ్డది, సంతోషంగ ఒక్కొక్కటి చెప్పింది. అన్న రక్తంల పిల్లగాని హెచ్ఎల్ఏ మీద యాంటీబాడీలు గట్టిగనే ఉన్నయంట, చాన రక్తం ఎక్కించినం గదా. డీడీఎక్స్41 ప్యానెల్ల ఉంది, తప్పు లేదు. నాకు చిప్ టెస్ట్ గూడ పంపిర్రు, ఏం రాలే. కౌంట్లు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూసి నన్నే దాతగ పెట్టుకుంటం అన్నరు. వెన్నుల పొడుస్తరేమో అని భయపడ్డ, అట్ల కాదంట, ఐదు దినాలు జీసీఎస్ఎఫ్ ఇంజక్షన్లు ఇచ్చి మూలకణాలు రక్తంలకు వచ్చినంక చేతి నరం నుంచి మెషిన్‌తోని తీస్తరంట. మా ఆయన ముందు ఒద్దన్నడు, ఇది చదివి వినిపిస్తే ఊకున్నడు. ఇంకొక్కటి అడగాలె: మార్పిడి అయినంక గూడ తిరగబెట్టకుండ అజాసిటిడిన్ ఇస్తరా?

హెమటాలజీ_రెసిడెంట్:
అందరికీ కాదు అక్కా. 2020లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ ట్రయల్‌లో మార్పిడి అయినవాళ్లని 187 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి అజాసిటిడిన్ ఇచ్చారు, తిరగబెట్టడంలో తేడా రాలేదు, చాలామంది అనుకున్నన్ని సైకిళ్లు పూర్తి చేయలేకపోయారు కూడా. కానీ పరీక్షలో జబ్బు తాలూకు ఆనవాళ్లు మళ్లీ కనిపించడం మొదలైన వెంటనే, బయటపడకముందే ఇస్తే ఉపయోగం ఉండొచ్చని 2018లో జర్మనీ వాళ్ల రిలాజా2 అనే ట్రయల్ చూపించింది, 53 మందికి ఇస్తే 58 శాతం మంది ఆరు నెలల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. దానికి ముందస్తు పరీక్షలు క్రమంగా జరగాలి. కైమెరిజం అని ఉంటుంది, అన్న రక్తంలో మీ డీఎన్ఏ ఎంత శాతం, ఆయనది ఎంత శాతం అని చూస్తారు, అది 100 నుంచి తగ్గుతూ వస్తే జాగ్రత్త పడతారు. పోల్చడానికి మార్పిడికి ముందే మీ ఇద్దరి శాంపిళ్లు తీసి ఉంచాలి, తీశారో లేదో ఈ వారమే అడగండి. డీఎన్ఎంటీ3ఏ ఒక్కటే మిగిలి కనిపిస్తే మాత్రం కంగారుపడొద్దు, అది చిప్‌లాగ మిగిలిన పాత కణాల గుంపు కావచ్చు, ఏఎస్ఎక్స్ఎల్1 ఏం చేస్తుందో, కైమెరిజం ఎటు పోతుందో కలిపి చూసి చెప్తారు. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్‌లో పెట్టండి, ఓపీలో ఏ డాక్టర్ కూర్చున్నా మొదట అదే చేతికివ్వండి.

ఫ్లోల్యాబ్_కిరణ్:
ఫైల్‌లో మొదటి మజ్జ పరీక్ష ఫ్లో రిపోర్టు కూడా ఉండేలా చూస్కోండక్కా, ఒట్టి కన్‌క్లూజన్ పేజీ కాదు, గ్రాఫులున్న పేజీలు అన్నీ. రేపు ఎప్పుడైనా పోల్చాల్సి వస్తే మాలాంటి వాళ్లకి అవే కావాలి.

శ్రావణి_నల్గొండ:
గ్రాఫుల పేజీలు మా దగ్గర లెవ్వు తమ్ముడూ, మొదలు చూపించిన కాడ ఉన్నయి. సోమవారం పోయి అడిగి తెచ్చుకుంట.